పరీక్షకు ముందు రాత్రి

సమస్త లోకాలనూ సృష్టించి పోషిస్తున్న అల్లాహ్‌కే స్తుతి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులపైనా అల్లాహ్ శాంతి శుభాలు కురిపించుగాక!



వచ్చే వారం నుంచి డిగ్రీ సెమిస్టరు పరీక్షలు మొదలవుతున్నాయి. ఈ వరసలలో కూర్చున్న యువకులలో కొందరు ఆ పరీక్షలకు వెళ్ళవలసినవారే. మీ ఇళ్ళలో ఉన్న ఆడపిల్లలలో వెళ్ళవలసినవారు బహుశా ఇంతకంటే ఎక్కువే. వారు ఈ మాటలు ఇక్కడ వినలేరు కనుక ఈ ప్రతిని ఇంటికి తీసుకువెళ్ళి వారి చేతికి ఇవ్వండి. ఖుత్బాను క్లుప్తంగా ముగించడం ప్రవక్త (స) సంప్రదాయం. అందువల్ల మింబర్‌పై నేను చెప్పేది కొంత తక్కువ; అచ్చుకు ఇచ్చేటప్పుడు విద్యార్థులకు పనికివచ్చే మాటలు మరికొన్ని చేర్చాను.

మూడు రోజులుగా ఇషా నమాజు తర్వాత నా దగ్గరకు కలాలు వస్తున్నాయి. దుఆ చదివి దమ్ చేసి ఇవ్వమని తల్లులు పంపుతున్నారు, తండ్రులు తెచ్చి ఇస్తున్నారు. నేను ఎవరినీ వెనక్కి పంపలేదు. బిడ్డ కోసం తల్లి పడే ఆరాటంలోనూ ఒక ఆరాధన ఉంది. అయితే నిన్న వచ్చిన పొట్లంలో పది కలాలు ఉన్నాయి, పొట్లానికి అంటించిన కాగితం ఇంకా విప్పలేదు. వీటి అన్నదమ్ములలో ఒక్కటైనా ఈ సెమిస్టరులో నోటుపుస్తకం మీద నడిచిందా అని అడగాలనిపించింది. అడగలేదు. దుఆ చేసి ఇచ్చేశాను. అడగని ఆ ప్రశ్నకు ఈ రోజు జవాబు వెదుకుదాం.

సోదరులారా! ఒంటెను కట్టివేసి అల్లాహ్‌పై భారం వేయాలా, కట్టకుండానే వేయాలా అని ఒక వ్యక్తి ప్రవక్త (స) వారిని అడిగిన సంగతి మీరందరూ ఎరుగుదురు. ముందు కట్టమనీ, ఆ తర్వాత భారం వేయమనీ వారు చెప్పారు. ఈ హదీసును మనం పిల్లలకు ఎన్నోసార్లు వినిపించాం. కానీ పరీక్ష ముందు రాత్రి పదకొండు గంటలకు పుస్తకం ముందు కూర్చుని వణుకుతున్న పిల్లవాడికి దీనివల్ల ఉపశమనం కలగదు. తాను ఒంటెను కట్టలేదని అతనికి తెలుసు. ఇప్పుడు ఏం చేయాలన్నదే అతని బాధ. మూడు నెలల కిందట ఏం చేసి ఉండవలసిందో చెప్పడం ఆ గడియలో బోధ అనిపించుకోదు, దెప్పిపొడుపు అనిపించుకుంటుంది. ఆ రాత్రికి ఆ రాత్రి చేయగలిగినది ఏమైనా ఉందా?

ఉంది. దానికి ఉదాహరణ మన పొలాలలోనే దొరుకుతుంది.

2023 డిసెంబరు తొలివారం గుర్తు చేసుకోండి. మిగ్‌జాం తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. డెల్టాలో అది వరికోతల కాలం. కొన్ని చేలలో పైరు ఇంకా నిలిచి ఉంది, కొన్నింటిలో కోసిన పనలు నేలమీద ఉన్నాయి, కొన్నిచోట్ల కుప్పలు పడ్డాయి. హెచ్చరిక వచ్చిన తర్వాత రైతు చేతిలో ఉన్నది ఒకటి రెండు రోజులు మాత్రమే. ఆ రెండు రోజులలో రైతు ఏం చేశాడు? కొత్తగా నారు పోయలేదు. కొత్త మడి దున్నలేదు. ఎరువు చల్లలేదు. కోసిన పనలను కుప్ప వేశాడు. కుప్పలకు పట్టాలు కప్పాడు, అంచులకు బరువులు పెట్టాడు. చేలో నీరు నిలవకుండా గట్టు తెగగొట్టాడు. పచ్చిగా ఉన్న చేను సంగతి అల్లాహ్‌కు వదిలిపెట్టాడు. అంత చేసినా నష్టం తప్పలేదు, ఎందరో నష్టపోయారు. అయినా దక్కినది ఏదైనా ఉంటే, పండినదాన్ని కాపాడుకోవడం వల్లనే దక్కింది.

పరీక్ష ముందు రాత్రి కూడా అటువంటిదే. అది పండించే రాత్రి కాదు, పండినదాన్ని కప్పుకునే రాత్రి. మన పిల్లల కంగారులో సగం ఈ తేడా తెలియక వచ్చినదే. సెమిస్టరు అంతా తెరవని నాలుగో యూనిట్‌ను రాత్రి పది గంటలకు తెరుస్తారు. అది ఒక గంటలో లొంగదు. లొంగకపోయేసరికి తనకు ఏమీ రాదన్న భయం పుడుతుంది. ఆ భయంతో, తనకు వచ్చిన ఒకటో యూనిట్‌ను తిరగేయడానికి కూడా చేతులు ఆడవు. అంతలో ఫోనులో స్నేహితుల బృందం నుంచి ‘రేపు ఇవే వస్తాయట’ అంటూ ఒక జాబితా వస్తుంది. అరగంటకు మరొకటి వస్తుంది. రెండూ ఒకదానితో ఒకటి కలవవు. తెల్లవారేసరికి పచ్చి చేనూ దక్కదు, కోసిన పనలూ తడిసిపోతాయి.

మరి కప్పుకోవడం అంటే ఏమిటి? మన డిగ్రీ ప్రశ్నపత్రాలు సాధారణంగా యూనిట్ల వారీగా ఉంటాయి; యూనిట్‌కు రెండు ప్రశ్నలిచ్చి ఒకటి రాయమనడం పరిపాటి. అటువంటప్పుడు ఒకే యూనిట్‌ను అంచుల దాకా నేర్చుకుని మిగిలిన నాలుగింటిని వదిలివేసినవాడి కంటే, అయిదింటిలోనూ తనకు తెలిసినదాన్ని పటిష్ఠం చేసుకున్నవాడే నిలుస్తాడు. ఒక కాగితం తీసుకోండి. పుస్తకం మూసి, ఒక్కొక్క యూనిట్‌లో మీకు ఇప్పటికే తెలిసిన శీర్షికలను జ్ఞాపకం నుంచి రాయండి. అది పూర్తయిన తర్వాతే పుస్తకం తెరిచి, తప్పిపోయినవాటిని చేర్చండి. ఏమీ రాదనుకున్నవాడికి కూడా ఆ కాగితం సగమైనా నిండుతుంది. భయం చెప్పిన లెక్క తప్పని తన చేతిరాతలోనే తనకు కనబడుతుంది.

ఇది నేను కల్పించిన పద్ధతి కాదు. మదరసాలో ఖుర్‌ఆన్ కంఠస్థం చేసే పసివాణ్ణి గమనించండి. అతనికి రోజూ మూడు పనులు ఉంటాయి: ఆ రోజు కొత్త పాఠం సబఖ్, కొద్దిరోజుల కిందటి పాఠం సబఖీ, ఎప్పుడో పూర్తిచేసిన భాగాల పునశ్చరణ మంజిల్. మూడింటినీ పుస్తకం మూసి ఉస్తాదు ఎదుట ఒప్పజెప్పాలి. చూసి పదిసార్లు చదివానంటే ఉస్తాదు ఒప్పుకోడు. మూసి ఒక్కసారి చెప్పమంటాడు. రమజానులో తరావీహ్ నడిపే హాఫిజ్‌ను చూడండి. ఆ రాత్రి చదవవలసిన భాగాన్ని పగలంతా వల్లెవేస్తాడు, ఎవరికో ఒకరికి వినిపిస్తాడు. ఆ పగలు కొత్త భాగం నేర్చుకోడు. అంత చేసి కూడా వెనుక ఒక సామిని నిలబెట్టుకుంటాడు, తడబడితే అందించడానికి. తడబాటు వస్తుందని ముందే ఒప్పుకుని దానికి ఏర్పాటు చేసుకోవడంలో ఎంత వినయం ఉందో, ఎంత వివేకం ఉందో ఆలోచించండి.

మన ఉస్తాదులు అనుభవంతో పాటించినదానికి మనస్తత్వ శాస్త్రజ్ఞులు తరువాతి కాలంలో లెక్కలు కట్టారు. జర్మనీకి చెందిన ఎబింగ్‌హాస్ అనే పండితుడు అర్థంలేని అక్షర సముదాయాలను తానే కంఠస్థం చేసి, తానే ఎంత వేగంగా మరచిపోతున్నాడో కొలిచి 1885లో ప్రకటించాడు. ఒక్క రోజు తిరిగేసరికి, మొదట పడిన శ్రమలో మూడింట ఒక వంతు మాత్రమే అతనికి మిగిలింది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చారు. కొందరిచేత దాన్ని రెండోసారి చదివించారు. మరికొందరిచేత పాఠం చూడకుండా గుర్తున్నదంతా రాయించారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే తిరిగి చదివినవారిదే పైచేయి. వారం తర్వాత పరీక్షిస్తే చూడకుండా రాసినవారిది పైచేయి: వీరికి నూటికి 56 వంతులు గుర్తుంటే, వారికి 42 వంతులే గుర్తున్నాయి. తిరిగి తిరిగి చదవడం వచ్చేసిందన్న భ్రమను ఇస్తుంది. మూసి చెప్పుకోవడం రాలేదన్న చేదును ముందుగా ఇస్తుంది, తరువాత నిలబెడుతుంది.

సోదరులారా! ఇక భయం సంగతికి వద్దాం. కొందరు యువకులు నా దగ్గర ఒక సందేహం వెలిబుచ్చారు. గుండె దడదడ కొట్టుకుంటుంది, అరచేతులు చెమర్చుతాయి, ఇంత భయపడుతున్నానంటే నా విశ్వాసం బలహీనమా అని. కాదు. హిజ్రత్ ఘట్టాన్ని ఒకసారి మనసుకు తెచ్చుకోండి.

క్రీ.శ. 622. హజ్రత్ అబూబకర్ (రజి) ప్రయాణం కోసం రెండు ఒంటెలను సిద్ధం చేసి, చెట్ల ఆకులు మేపుతూ వచ్చారు. ఎంతకాలం? నాలుగు నెలలని బుఖారీ సంకలనం తెలుపుతుంది. మన సెమిస్టరు నిడివి ఇంచుమించు అంతే. ఆ తర్వాత జరిగిన ఏర్పాట్లు చూడండి. మదీనా మక్కాకు ఉత్తరాన ఉంటే, వారు దక్షిణాన ఉన్న సౌర్ గుహకు వెళ్ళారు. అక్కడ మూడు రాత్రులు ఉన్నారు. అబూబకర్ గారి కుమారుడు అబ్దుల్లాహ్ పగలంతా మక్కాలో తిరిగి, విన్న సమాచారాన్ని రాత్రికి చేరవేసేవారు. ఆమిర్ బిన్ ఫుహైరా మేకలను తోలుకువచ్చి పాలు అందించేవారు. హజ్రత్ అస్మా (రజి) తన నడికట్టును చింపి భోజనపు మూట కట్టారు. దారి చూపడానికి, ఆ దారులలో ఆరితేరిన ఒక ముస్లిమేతరుణ్ణి జీతానికి కుదుర్చుకున్నారు. మనిషి చేతనైనదేదీ మిగల్చలేదు. సాక్షాత్తు దైవప్రవక్త (స) ప్రయాణానికే ఇన్ని ఏర్పాట్లు అవసరమయ్యాయి.

ఇన్ని చేసినా శత్రువులు గుహ ముఖం దాకా వచ్చారు. ఒక్కరు తమ పాదాల వంక చూసినా మనం కనబడిపోతాం కదా అని అబూబకర్ (రజి) కలతచెందారు. ఉమ్మత్‌లో ఆయనకు మించిన విశ్వాసి ఎవరు? ఆయనకే కలత కలిగింది. ప్రవక్త (స) ఆయనను మందలించలేదు. నీ విశ్వాసం ఏమైందని అడగలేదు. దుఃఖించవద్దనీ, అల్లాహ్ మనకు తోడున్నాడనీ ఊరడించారు. ఆ ఊరడింపును దివ్యఖుర్‌ఆన్ తౌబా అధ్యాయంలో శాశ్వతం చేసింది. కలత చెందినవారికి తోడు కావాలి, తీర్పు కాదు. ఈ మాట తల్లిదండ్రులు ముఖ్యంగా జ్ఞాపకం ఉంచుకోవాలి.

ఇక నిద్ర విషయం. రాత్రంతా మేలుకొన్నానని చెప్పుకోవడం మన పిల్లలకు ఒక గొప్పగా మారింది. అందులో నేనూ ఒకప్పుడు భాగస్వామినే. నేను బి.ఎ. చదివిన రోజులలో సెమిస్టర్లు లేవు, ఏడాదికి ఒక్కసారే పరీక్షలు. అర్థశాస్త్రం పరీక్ష ముందు రాత్రి టీ మీద టీ తాగుతూ, అంతవరకు ముట్టని ప్రకరణాలన్నీ తెల్లవార్లూ చదివాను. ఫజర్ నమాజులో ఎన్ని రకాతులు చేశానో తెలియలేదు. పరీక్ష హాలులో ప్రశ్నపత్రం తిప్పితే మొదటి ప్రశ్న డిమాండ్ వ్యాకోచత్వం. ఆ సంవత్సరమంతటిలో నాకు బాగా వచ్చిన పాఠం అది. ఇద్దరు స్నేహితులకు నేనే నేర్పాను. ఒక్క సూత్రం గుర్తురాలేదు. రాత్రి మింగిన కొత్త ప్రకరణాల ముక్కలు మాత్రం కళ్ళముందు తిరిగాయి. ఆ పేపరు తప్పి సెప్టెంబరులో తిరిగి రాశాను. రాని పాఠం కోసం పోతే వచ్చిన పాఠం పోయింది.

తరువాత చాలా ఏళ్ళకు ఒక హదీసు చదువుతూ ఆగిపోయాను. నమాజు చేస్తున్నప్పుడు కునికిపాట్లు వస్తే, ఆ నిద్రమత్తు తీరేవరకు పడుకోమని ప్రవక్త (స) ఉపదేశించారు. నిద్రలో తూలుతున్నవాడు క్షమాపణ వేడుకుంటున్నానని అనుకుంటూ తనను తానే తిట్టుకోవచ్చునని కారణం కూడా చెప్పారు. నమాజుకే ఈ నియమమైతే అర్థశాస్త్రానికి మినహాయింపు ఎక్కడిది? రాత్రంతా నమాజులో, పగలంతా ఉపవాసంలో గడిపే ఒక యువ సహచరునికి, నీ శరీరానికీ నీపై హక్కు ఉందని వారు గుర్తుచేశారు. పగలు చదివినదాన్ని మెదడు సర్దుకునేది నిద్రలోనే అని నేటి వైద్యులు కూడా అంటున్నారు. పదకొండు గంటలకు పుస్తకం మూసి, వుజూ చేసుకుని, పడుకునేముందు చదివే దుఆ చదివి పడుకోండి. ఫజర్‌కు లేచిన తర్వాత ఒక గంట నిశ్శబ్దం దొరుకుతుంది. ఆ గంట అర్ధరాత్రి మూడు గంటల పెట్టు.

పరీక్ష హాలులో మతి శూన్యమైతే? అవుతుంది, ఎవరికైనా అవుతుంది. కలం కింద పెట్టండి. నెమ్మదిగా ఊపిరి తీసుకుని, అంతకంటే నెమ్మదిగా వదలండి. ఫిరౌన్ దర్బారుకు వెళ్ళవలసి వచ్చినప్పుడు హజ్రత్ మూసా (అలైహిస్సలాం) తన హృదయాన్ని విశాలం చేయమనీ, నాలుక ముడి విప్పమనీ ప్రభువును వేడుకున్నారు. ఆ దుఆ చాలామందికి కంఠస్థమే. గొంతుకు అడ్డుపడ్డ మాటకు అంతకంటే తగిన దుఆ లేదు. ఆ తర్వాత మొదటి ప్రశ్నను వదిలేసి, మీకు బాగా తెలిసిన ప్రశ్న ఎక్కడ ఉందో వెదికి దానితో ప్రారంభించండి. వరుసక్రమం తప్పినా ప్రశ్న సంఖ్య స్పష్టంగా వేస్తే దిద్దేవారికి ఇబ్బంది లేదు. 2011లో చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక విషయం గమనించారు: పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాలను కాగితంపై రాసి పెట్టిన విద్యార్థులు, ముఖ్యంగా ఎక్కువ భయపడే స్వభావం గలవారు, మెరుగ్గా రాశారు. ఇంటినుంచి బయలుదేరే ముందు ఇది చేసి చూడవచ్చు. కాగితం మీద పెట్టలేనివారు సజ్దాలో చెప్పుకోవచ్చు. అక్కడ ఏ భాషలో చెప్పుకున్నా వినేవాడున్నాడు.

కంగారు మనిషిని మరొక చోటికి కూడా నడిపిస్తుంది. చొక్కా మడతలో చీటీ పెట్టుకోవడం దాదాపు ఎప్పుడూ చివరి రాత్రి నిర్ణయమే. జూన్‌లో ఎవరూ చీటీలు రాసుకోరు. ప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపురాశిలో చేయి పెట్టి చూశారు. పైన పొడి గింజలు, లోపల తడి. ఇదేమిటని అడిగితే వాన పడిందని అమ్మకందారు చెప్పాడు. వాన పడడం అతని తప్పు కాదు. తడి గింజలను జనానికి కనబడేలా పైన ఉంచలేదేమని ప్రవక్త (స) అడిగారు, మోసగించేవాడు తమవాడు కాడని హెచ్చరించారు. తడిసిన వడ్లు తెలిసిన ఊరి వాళ్ళం మనం, ఈ మాట మనకు వివరించనక్కరలేదు. నీకు రాకపోవడంలో వాన పాలు కొంత ఉండవచ్చు: ఇంట్లో జబ్బు, పొలం పని, బస్సు దొరకని రోజులు. తడి ఉన్నదంటే ఉన్నదని చూపడంలో అవమానం లేదు. పైన పొడి గింజలు పోసి అమ్మడంలోనే ఉంది.

ఇప్పుడు పెద్దలతో ఒక మాట. నన్ను మన్నించి వినండి.

నాకు తెలిసిన ఒక తండ్రి, పేరు చెప్పను, పరీక్షల ముందు కూతురితో ఒకే మాట అనేవాడు: ‘ఈసారి తప్పితే చదువు మానిపించి పెళ్ళి చేసేస్తాను.’ అతనికి ఆ ఉద్దేశం లేదు. చదువు మీద శ్రద్ధ కలుగుతుందని అన్నాడు. ఆ అమ్మాయి పరీక్ష రోజు హాలు దాకా వెళ్ళి, లోపలికి అడుగుపెట్టలేక గేటు దగ్గర కూలబడింది. ఇంటికి తెచ్చిన తర్వాత రెండు రోజులు నోరు విప్పలేదు. ఆ తండ్రి మసీదులో నా ముందు కూర్చుని ఏడ్చాడు. తాను అన్నది బెదిరింపేనని తనకు తెలుసు, బిడ్డకు తెలియదని అప్పుడు గ్రహించాడు. అల్లాహ్ దయవల్ల ఆ అమ్మాయి తర్వాత పరీక్ష రాసింది. అన్ని ఇళ్ళలోనూ అలా ముగియదు.

2019 ఏప్రిల్‌లో పొరుగున తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన కొద్దిరోజులలో ఇరవైమంది దాకా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. మార్కుల నమోదులో తప్పులు దొర్లాయని ప్రభుత్వం నియమించిన కమిటీయే తేల్చింది. ఫెయిలైన మూడు లక్షలకు పైగా విద్యార్థుల జవాబుపత్రాలను ఉచితంగా తిరిగి పరిశీలిస్తే వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులయ్యారు. తిరిగి లెక్కించడానికి కాగితం ఉంటుంది. ప్రాణాన్ని అలా తిరిగి తెచ్చుకోలేం. ప్రాణం అల్లాహ్ మనవద్ద ఉంచిన అమానత్. ఆయన కారుణ్యంపట్ల నిరాశ చెందవద్దని ఆయనే ఆజ్ఞాపించాడు. అయితే ఆ మాటను అప్పటికే మునిగిపోతున్న బిడ్డపై ఫత్వాలా విసరకండి. గుహలో పలికిన స్వరంతో చెప్పండి.

పిల్లవాడు రెండు మూడు రోజులుగా అన్నం ముట్టకపోయినా, నిద్రపోకపోయినా, తాను లేకపోతేనే అందరికీ మంచిదన్నట్టు మాట్లాడినా దాన్ని నటనగా తీసిపారేయకండి. ఒంటరిగా వదలకండి, పక్కన కూర్చోండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు; ఉన్న బరువు దిగుతుంది. 14416 అన్న నంబరు రాసిపెట్టుకోండి. కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవ అది. రాత్రయినా పగలయినా ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. జ్వరానికి డాక్టరు దగ్గరకు వెళ్ళడం తవక్కుల్‌కు విరుద్ధం కానట్లే, ఇదీ కాదు.

పరీక్ష తప్పినవారి మాటేమిటి? తుపానుకు తడిసిన చేలలో మన రైతులు ఏం చేశారో చూశారు కదా. పడిపోయిన వరిలో గింజ మొలకెత్తకుండా, లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి వెన్నులపై చల్లమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. అంత చౌకైన మందు. నీరు తీసేసి, ఉప్పునీరు చల్లి, ఎండ వచ్చినప్పుడు ఆరబోసుకున్నవారికి కొంత దక్కింది. మిగిలిన పేపరు తిరిగి రాసుకోవడం అటువంటిదే, అంతకంటే పెద్ద పేరు దానికి పెట్టనక్కరలేదు. ఇంకొకటి కూడా మనకు తెలుసు: వరి కోతకు రెండు మూడు రోజుల ముందే, నిలిచివున్న చేలోనే మినుములు చల్లుతాం. ఒక పంట చేతికి రాకముందే తరువాతి పంట మట్టిలో ఉంటుంది. ఈ పరీక్షలు ముగిసిన వారంలోనే తరువాతి సెమిస్టరు మొదటి పాఠాన్ని, రోజుకు అరగంట చొప్పున, పుస్తకం మూసి చెప్పుకోవడం ప్రారంభించినవాడు వచ్చే ఏడు నా దగ్గరకు కలాలు తెచ్చినప్పుడు నేను ఇంకా సంతోషంగా దుఆ చేస్తాను. కొద్దిపాటిదైనా నిలకడగా చేసే ఆచరణే అల్లాహ్‌కు అత్యంత ప్రియమైనదని ప్రవక్త (స) తెలిపారు.

చివరగా ఒక ప్రకటన. కమిటీ పెద్దలతో మాట్లాడాను. పరీక్షలు ముగిసేవరకు ఇషా తర్వాత పదిన్నర దాకా మసీదు పక్కగదిలో దీపాలు, ఫ్యాన్లు ఉంటాయి. ఇంట్లో చోటు చాలనివారు అక్కడ చదువుకోవచ్చు. ఏ మతం పిల్లలైనా రావచ్చు, మీ స్నేహితులను తీసుకురండి. ఒకరికొకరు ఒప్పజెప్పుకోండి. ఫోన్లు గుమ్మం దగ్గరి బల్లమీద పెట్టాలి. పదిన్నరకు నేనే వచ్చి దీపాలు ఆర్పుతాను, ఆ తర్వాత ఎవరూ బతిమాలవద్దు. ఆడపిల్లలకు ఇటువంటి ఏర్పాటు ఏ ఇంట్లో చేయగలమో తల్లులు ఆలోచించి ఈ సాయంత్రం లోపల కబురు పంపండి. శుక్రవారం మధ్యాహ్నం పరీక్ష పడినవారు ముందుగా నాకు తెలియజేయండి. మొదటి వరసలో ద్వారం పక్క చోటు వారికి ఉంచుతాం. ఆ రోజు ఖుత్బా ఈ రోజంత ఉండదు.

ఓ అల్లాహ్! ఈ ఊరి బిడ్డలకు ఈ పది రోజులు నిద్రనూ, నెమ్మదినీ ప్రసాదించు. వారు చదివినదాన్ని అవసరమైన గడియలో వారికి జ్ఞాపకం చెయ్యి. వారి తల్లిదండ్రుల నాలుకలను మృదువుగా ఉంచు. చేలో ఉన్న పంటనూ, ఇంట్లో ఉన్న పిల్లలనూ నీ రక్షణలో ఉంచు. ఆమీన్.